కొరియా హల్మొనుల గౌరవార్థం హన్‌బోక్: డిజైన్ నుంచి కుట్టు దాకా

1930ల మొదట్నుంచి 1945 దాకా జపాన్ సైన్యం లైంగిక బానిసత్వంలోకి నెట్టిన కొరియా స్త్రీల గౌరవార్థం ఒక హన్‌బోక్ (కొరియా సంప్రదాయ దుస్తులు) డిజైన్ చేయాలనుకుంటున్నారా? కాలేజీ ఫ్యాషన్ ప్రాజెక్టు కావచ్చు, ఏటా ఆగస్టు 14న వచ్చే స్మారక దినం కోసం కావచ్చు, నాటకంలో ఒక పాత్ర కోసం కావచ్చు. అయితే ఇది మీ కోసమే. కొరియా డ్రామాలు చూసి హన్‌బోక్ మీద ఇష్టం పెంచుకున్నవాళ్లు మన తెలుగువాళ్లలో చాలామందే ఉన్నారు, కుట్టు వచ్చినవాళ్లూ ఉన్నారు, కానీ ఈ బట్టలో ఏ ముక్క ఏం చెబుతుందో తెలియకుండా కత్తెర పట్టుకుంటే గౌరవిద్దామనుకున్న మనిషినే నొప్పించే ప్రమాదం ఉంది. అందుకే కొలతల కన్నా ముందు కొన్ని నిర్ణయాల గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను.

ఎవరికి కుడుతున్నారు?

ఇది మొదటి ప్రశ్న, చాలామంది దీన్ని దాటేస్తారు. "బాధితులకు" అంటే సరిపోదు. మీ బట్ట పద్నాలుగేళ్ల పిల్లకా, డెబ్బై ఏళ్ల పెద్దావిడకా?

ఈ విషయం మీద ప్రపంచమంతా చూసిన బొమ్మ సోల్‌లో జపాన్ ఎంబసీ పాత స్థలానికి ఎదురుగా ఉన్న శాంతి విగ్రహం. కిమ్ సొ-గ్యొంగ్, కిమ్ ఉన్-సొంగ్ అనే శిల్పి దంపతులు చేశారు, 2011 డిసెంబర్ 14న ఆవిష్కరించారు. హన్‌బోక్ వేసుకున్న చిన్నపిల్ల కుర్చీలో కూర్చుని ఉంటుంది, జుట్టు ఎగుడుదిగుడుగా తెగి ఉంటుంది, పిడికిళ్లు బిగించి ఉంటాయి, చెప్పుల్లేని పాదాల మడమలు నేలకి ఆనవు, ఎడమ భుజం మీద ఒక పిట్ట. పక్కన ఖాళీ కుర్చీ. చాలామంది డిజైనర్లు ఈ పిల్ల దగ్గరే ఆగిపోయి, అదే తెల్ల పైబట్ట, అదే పొట్టి పావడా మళ్లీ కుట్టేస్తారు. కానీ ఆ విగ్రహం నేల మీద పడే నీడని చూడండి, అది పిల్ల నీడ కాదు, వంగిన నడుంతో ఉన్న ముసలావిడ నీడ, దాని గుండె దగ్గర ఒక సీతాకోకచిలుక ఉంటుంది.

నా సలహా సూటిగా చెప్తాను. ఆ నీడకి కుట్టండి. ఈ చరిత్ర ప్రపంచానికి తెలిసింది వాళ్లు తిరిగొచ్చి, దాదాపు యాభై ఏళ్లు నోరు మూసుకుని బతికి, చివరికి పెద్దవయసులో లేచి మాట్లాడటం వల్ల. కిమ్ హాక్-సున్ 1991 ఆగస్టు 14న తన సొంత పేరుతో, కెమెరాల ముందు మాట్లాడారు (స్మారక దినం ఆ తేదీకి రావడానికి కారణం అదే). 1992 జనవరి 8న ఎంబసీ ముందు మొదలైన బుధవారం నిరసనల్లో ఎండనక, మంచనక నిలబడింది కూడా ఈ పెద్దవాళ్లే, కొరియాలో అందరూ వాళ్లని హల్మొని అనే పిలుస్తారు, అంటే అమ్మమ్మ అనో నానమ్మ అనో. లీ యోంగ్-సూ 2007 ఫిబ్రవరిలో అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘం ముందు సాక్ష్యం చెప్పారు, ఇప్పటికీ బహిరంగ వేదికల మీద చాలాసార్లు హన్‌బోక్‌లోనే కనిపిస్తారు. పిల్ల బొమ్మ మీద మాత్రమే బట్ట కడితే చూసేవాళ్లకి జాలి ఒక్కటే మిగులుతుంది. మాట్లాడిన మనిషి మీద కడితే ఆమె ఏమందో వినాలనిపిస్తుంది. ఇక్కణ్ణుంచి నేను చెప్పే రంగు, కోత, కుట్టు అన్నీ ఈ ఎంపిక మీదే ఆధారపడి ఉంటాయి.

ఇంకోటి. ఈ అన్యాయం జరిగింది కొరియా వాళ్లకి మాత్రమే కాదు, చైనా, తైవాన్, ఫిలిప్పీన్స్, ఇండోనేషియా స్త్రీలకి, డచ్చివాళ్లకి కూడా జరిగింది. చరిత్రకారుల అంచనాలు 50 వేల నుంచి 2 లక్షల దాకా ఉన్నాయి. హన్‌బోక్ వాళ్లందరి బట్టా కాదు, కాబట్టి మీ డిజైన్ కొరియా హల్మొనుల కోసమని స్పష్టంగా రాయండి. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2017లో పెట్టిన స్మారకంలో కొరియా, చైనా, ఫిలిప్పీన్స్ అమ్మాయిలు ముగ్గురు చేతులు పట్టుకుని నిలబడితే, కిందనుంచి కిమ్ హాక్-సున్ వాళ్లని చూస్తూ ఉంటారు, అక్కడ ఎవరి బట్ట వాళ్లకి ఉంది.

గీసే ముందు చదవండి

వాంగ్మూలాలు ఇంగ్లీషులో బాగానే దొరుకుతాయి. కనీసం ఇద్దరు ముగ్గురివి పూర్తిగా చదవండి, ఊరికే తిరగేయడం కాదు. చదువుతూ ఆమె తన గురించి తాను ఏం చెప్పుకుందో రాసుకోండి: ఏ ఊరు, ఏ పని చేసేది, తిరిగొచ్చాక ఎలా బతికింది, ఏం అడిగింది. హింస వివరాలు రాసుకోనక్కర్లేదు, వాటితో మీకు డిజైన్‌లో పని లేదు.

కిమ్ బోక్-దోంగ్‌ది చూడండి. దక్షిణ గ్యోంగ్‌సాంగ్ ప్రాంతంలోని యాంగ్‌సాన్‌లో 1926లో పుట్టారు, 2019 జనవరిలో పోయారు. ఆమె, గిల్ వొన్-ఓక్ కలిసి 2012 మార్చి 8న, మహిళా దినోత్సవం రోజున, జపాన్ నుంచి నష్టపరిహారం వస్తే అదంతా యుద్ధాల్లో ఇలాంటి హింసకి గురైన వేరే దేశాల ఆడవాళ్లకే ఇస్తామని ప్రకటించారు, దానితో సీతాకోకచిలుక నిధి పుట్టింది, మొదటి సాయం కాంగోకి వెళ్లింది. పసుపు సీతాకోకచిలుక గుర్తు మీకు ఎక్కడ కనిపించినా దాని వెనక ఈ మాట ఉంది. ఇది చదివినవాళ్లు ముళ్లకంచె, రక్తపు మరకలు, చిరిగిన గుడ్డ గీయరు. అలాంటివి నేను కాలేజీ స్కెచ్‌లలో చాలా చూశాను, గొరుమ్ (పైబట్టని ముందు కట్టే పట్టీ) తెంపేసినట్టు వేలాడదీయడం, పావడా అంచు కాల్చడం, మిలటరీ బటన్లు కుట్టడం. దయచేసి వద్దు. ఆమె మీద దాడి చేసినవాడి గుర్తుని ఆమె ఒంటి మీద మళ్లీ ఎందుకు కుట్టాలి?

అలాగే "ఆమెకి జరగని పెళ్లి" పేరుతో పెళ్లిబట్ట డిజైన్ చేసేవాళ్లుంటారు. ఆ కోరిక ఒక హల్మొని స్వయంగా చెప్పుకుని ఉంటే అది వేరే సంగతి. లేకపోతే పెళ్లి కాకపోవడమే ఆమె జీవితంలో లోటు అని మనం తీర్పు చెప్పినట్టవుతుంది.

గొరుమ్, చేతి అంచుల దగ్గర జాగ్రత్త

హన్‌బోక్ పైబట్టని జొగోరి అంటారు, కింద పావడాని చిమా. జొగోరి ముందు భాగాన్ని కట్టే రెండు పట్టీలు గొరుమ్. చేతుల చివర వేరే రంగుతో వేసే పట్టీ క్కుత్‌దోంగ్. మెడ చుట్టూ వచ్చే వెడల్పు పట్టీ గిత్, దాని మీద కూర్చునే సన్నటి తెల్ల పట్టీ దోంగ్‌జొంగ్.

పాత కొరియా ఆచారంలో ఊదారంగు గొరుమ్ అంటే భర్త ఉన్నాడని. నీలి రంగు చేతి అంచు అంటే కొడుకు ఉన్నాడని. మనకి మెట్టెలు చూడగానే ఎలా తెలుస్తుందో వాళ్లకి అలా తెలిసేది. ఈ హల్మొనుల్లో చాలామందికి ఆ హింస వల్ల పిల్లలు పుట్టలేదు, కొందరికి పెళ్లిళ్లు నిలవలేదు, కొందరు జీవితాంతం ఒంటరిగానే ఉన్నారు. ఇంటర్నెట్‌లో అందంగా కనిపించిన తెల్ల జొగోరి, ఊదా గొరుమ్, నీలి అంచుల కాంబినేషన్ తీసుకొచ్చి వాళ్ల పేరు మీద పెడితే ఏమవుతుందో ఆలోచించండి. ఈ కాలంలో ఆ అర్థాలు పట్టించుకోకుండా ఎవరైనా ఏ రంగైనా వేసుకుంటున్నారు, నిజమే, కానీ 1920లలో పుట్టిన మనిషికి ఆ అర్థాలు తెలుసు.

పరిష్కారం తేలిక. వేరే రంగు అతుకులేవీ లేని, మొత్తం ఒకే రంగు గుడ్డతో కుట్టే జొగోరి సంప్రదాయంలోనే ఉంది, దాన్ని మిన్‌జొగోరి అంటారు. గొరుమ్ కూడా అదే గుడ్డ. అది వేసుకున్న మనిషి ఎవరి భార్యో, ఎవరి తల్లో చెప్పదు. ఈ పనికి ఇంతకన్నా సరైనది నాకు కనిపించలేదు.

రంగుల జతల్లో ఇంకో రెండు గుర్తుంచుకోండి: ఆకుపచ్చ జొగోరి, ఎర్ర చిమా కొత్త పెళ్లికూతురివి. పసుపు జొగోరి, ఎర్ర చిమా పెళ్లికాని అమ్మాయివి. రెండూ వద్దు. బంగారు రేకు ముద్రలు రాజకుటుంబానికి చెందినవి, గ్యోంగ్‌బోక్ ప్యాలెస్ చుట్టుపక్కల అద్దెకిచ్చే హన్‌బోక్‌ల మీద కనిపిస్తాయి కాబట్టి మామూలే అనుకోకండి.

తెలుపు గురించి

మనలో చాలామందికి తెల్లబట్ట అనగానే వైధవ్యం గుర్తొస్తుంది, దాన్ని కాసేపు పక్కన పెట్టాలి. కొరియా మామూలు జనానికి తెలుపు రోజువారీ రంగు, తమని తాము తెల్లబట్టల జాతి అని చెప్పుకునేవాళ్లు. జపాన్ వలస పాలనలో దీన్ని మాన్పించడానికి రంగుబట్టల ప్రచారం నడిపారు, 1930లలో సంతలకి తెల్లబట్టలతో వచ్చినవాళ్ల మీద సిరానీళ్లు చల్లిన ఘటనలు ఉన్నాయి. యుద్ధం ముదిరాక ఆడవాళ్ల మీద మోంపే అనే పనిప్యాంటు వేసుకోమని ఒత్తిడి తెచ్చారు. అంటే ఈ అమ్మాయిలని ఇళ్ల నుంచి తీసుకుపోయిన కాలంలోనే వాళ్ల బట్టని కూడా ఒంటి మీద నుంచి తీయించే ప్రయత్నం జరుగుతోంది. తెల్ల జొగోరి వేసుకుని ఎంబసీ ముందు నిలబడటంలో ఉన్న బలం ఇక్కణ్ణుంచి వచ్చింది.

అయితే తెలుపులో ఒక హద్దు ఉంది. రంగు వేయని ముతక హెంప్ (గంజాయి జాతి మొక్క) నార గుడ్డ, సాంబె అంటారు, అది కొరియాలో చావు ఇంట్లో కట్టేది, చనిపోయినవాళ్లకి తొడిగేది కూడా. బతికి వచ్చిన స్త్రీల గౌరవార్థం అంటూ సాంబెతో కుడితే కొరియన్ కళ్లకి అది శవవస్త్రంలా కనిపిస్తుంది. కొరియా ప్రభుత్వం దగ్గర నమోదైన బాధితులు 240 మంది, ఇప్పుడు బతికున్నవాళ్లు పదిమంది లోపే, కానీ ఉన్నారు. వాళ్లు చూస్తారని అనుకుని కుట్టండి.

చిమాకి నేను లేత నీలిమందు రంగు తీసుకుంటాను. కొరియాలోనూ నీలిమందు అద్దకం పాతదే, నాజు ప్రాంతం దానికి పేరు. పసుపు ఎక్కువ వాడకండి, అక్కడ 2014 సెవోల్ ఓడ ప్రమాదంలో పోయిన పిల్లల గుర్తు పసుపు రిబ్బను, రెండూ కలిసిపోతాయి. జాతీయజెండా రంగులు, మందార జాతి జాతీయ పుష్పం కూడా వద్దనే అంటాను. ఆ స్త్రీలు కొరియా దేశపు గాయానికి చిహ్నాలుగా కనిపించడం రాజకీయ నాయకులకి నచ్చుతుంది, కానీ తిరిగొచ్చాక వాళ్లని సిగ్గుపడేలా చేసి నోరు మూయించింది వాళ్ల సొంత ఊళ్లు, సొంత బంధువులు కూడా.

గుడ్డ

వేసవి జొగోరికి కొరియాలో మేలైనది మోసి, అంటే రామీ నార గుడ్డ. హాన్‌సాన్ మోసి నేతకి 2011లో యునెస్కో గుర్తింపు వచ్చింది. అక్కడి ఆడవాళ్లు నారని పళ్లతో, పెదాలతో చీల్చి సన్నటి పోగులు చేస్తారు, గాలి పొడిగా ఉంటే పోగు తెగుతుందని తేమ ఉన్న చోటే నేస్తారు. ఖరీదు చాలా ఎక్కువ, మన దగ్గర దొరకడం కష్టం. దాని బదులు సన్నటి లినెన్ బాగుంటుంది, లేదా నూలు గుడ్డ, అంటే కొరియా సామాన్యుల ముమ్యోంగ్‌కి దగ్గరగా ఉండేది కావాలంటే పొందూరు ఖద్దరు చాలా చక్కగా కుదురుతుంది. జరీ అంచు, ఇక్కత్, కలంకారీ మాత్రం వద్దు, మనవి మనకి ఎంత ఇష్టమైనా ఇది వాళ్ల కథ. పాలిస్టర్ శాటిన్ అసలు ముట్టుకోకండి, నిలబడాల్సిన చోట జారిపోతుంది.

గుడ్డ తెచ్చాక ముందు తడిపి ఆరబెట్టండి, కుంచించుకునేదంతా అప్పుడే అయిపోవాలి. తర్వాత పల్చటి బియ్యం గంజి పెట్టి, కొద్దిగా తడి ఉండగానే ఇస్త్రీ చేయండి. కొరియాలో కూడా మోసికి గంజే పెడతారు. గంజి లేకపోతే జొగోరి చేతుల కింది వంపు వేలాడిపోయి నైటీలా కనిపిస్తుంది.

అసలు గుడ్డ కోసే ముందు లాంగ్ క్లాత్‌తో ఒకసారి మొత్తం నమూనా కుట్టి చూడండి.

జొగోరి కోత

ఇప్పటి పెళ్లిళ్లలో వేసుకునే జొగోరి మరీ పొట్టిగా, ఛాతీ దాకానే ఉంటుంది, కింద గంటలా ఉబ్బిన పావడా. అది తర్వాతి కాలపు మోజు. 1920లు, 30లలో జొగోరి పొడవు పెరిగి నడుం దాకా వచ్చింది. ఆ హల్మొనులు పుట్టి పెరిగిన కాలపు కొలత అది, పెద్దవయసు మనిషికి వీలుగా ఉండేదీ అదే, కాబట్టి దాన్నే పట్టుకుందాం.

నాలుగు కొలతలు కావాలి: ఛాతీ చుట్టుకొలత, మెడ వెనక ఎముక నుంచి నడుం దాకా పొడవు, అదే ఎముక నుంచి పక్కకి చాపిన చేతి మణికట్టు దాకా పొడవు, ఎత్తు. ఉదాహరణకి ఛాతీ 88 సెం.మీ. అనుకోండి. వెనక సగం వెడల్పు అందులో నాలుగో వంతుకి 2 కలిపి 24 సెం.మీ. చంక లోతు నాలుగో వంతే, 22. మెడ సగం వెడల్పు దాదాపు 8. మణికట్టు దాకా కొలత 74 వస్తే, అందులో 24 తీసేయగా చేతి పొడవు 50. పైబట్ట పొడవు 160 సెం.మీ. ఎత్తు మనిషికి 36 నుంచి 40 మధ్య, ముందు భాగం వెనక కన్నా 2 సెం.మీ. ఎక్కువ పెట్టండి, లేకపోతే ఛాతీ మీద ఎక్కి ముందు పొట్టిగా కనిపిస్తుంది. ఇవి మొదలుపెట్టడానికి మాత్రమే, నమూనా తొడిగి చూసి సరిచేసుకోవాలి.

బ్లౌజులు కుట్టే అలవాటున్నవాళ్లకి ఇక్కడ చెయ్యి తడబడుతుంది, ఎందుకంటే జొగోరికి చంక దగ్గర గుండ్రటి కోత ఉండదు, భుజం వాలు ఉండదు, డార్టులుండవు. భుజం గీత తిన్నగా చేతిలోకి సాగిపోతుంది. చెయ్యి అతుకు నిలువు గీత. ఒంటి ఆకారాన్ని బట్ట పట్టి చూపించదు, ఒంటికీ బట్టకీ మధ్య గాలి ఉంటుంది. ఎవరో ఒకరు "కొంచెం ఫిట్టింగ్ పెట్టు" అంటారు, వినకండి. ఈ డిజైన్‌లో ఆ గాలే ముఖ్యం.

చేతి కింది వంపుని బేరె అంటారు. చంక దగ్గర 22, మణికట్టు దగ్గర 15, మధ్యలో మెల్లగా కిందికి దిగి మళ్లీ లేచే గీత. మరీ లోతుగా దింపితే 1960, 70లలోని పెళ్లిబట్ట అయిపోతుంది. చేత్తో గీయండి, ఫ్రెంచ్ కర్వ్ స్కేల్ పెట్టి గీస్తే ఎందుకో ప్రాణం లేనట్టు వస్తుంది.

ముందు భాగాలు రెండిటికీ ఒక అదనపు ముక్క అతికి ఒకదాని మీద ఒకటి మూసుకునేలా చేయాలి. వేసుకున్న మనిషి ఎడమవైపు పైకి రావాలి. ఆడవాళ్ల చొక్కాలు దీనికి వ్యతిరేకంగా మూసుకుంటాయి కాబట్టి బయట టైలర్‌కి ఇస్తే అలవాటుగా తిప్పేస్తారు, గుడ్డ మీద సుద్దతో పెద్దగా రాసివ్వండి. తూర్పు ఆసియాలో చాలాచోట్ల తిరగేసి మూయడం చనిపోయినవాళ్లకి తొడిగే పద్ధతి, ఇది చిన్న పొరపాటుగా పోదు.

మెడ పట్టీ గిత్ పూర్తయ్యాక 4.5 సెం.మీ. వెడల్పు ఉంటే చాలు, లోపల పల్చటి కాన్వాస్ వేయండి. దోంగ్‌జొంగ్ ఒకటిన్నర సెం.మీ. లోపు, లోపల గట్టి కాగితం లాంటి పొర ఉంటుంది, దాన్ని మిషన్ మీద కాకుండా చేత్తో పెద్ద పెద్ద కుట్లతో తగిలిస్తారు, మాసినప్పుడు ఊడదీసి కొత్తది వేయడానికి. దాని రెండు కొనలూ ముందు సరిగ్గా సమానంగా కలవాలి. కొరియా ఇళ్లలో పెద్దవాళ్లు ముందుగా చూసేది అదే.

గొరుమ్ పట్టీలు 4 సెం.మీ. వెడల్పు, ఎడమవైపుది 90, కుడివైపుది 80 సెం.మీ. ఇప్పటి హన్‌బోక్‌లకి మీటరు దాటి ఉంటాయి, ఆ కాలంలో ఇంకా పొట్టిగా, సన్నగా ఉండేవి.

చిమా

జొసొన్ రాజవంశం కాలంలో చిమాని ఛాతీ చుట్టూ బిగించి కట్టేవాళ్లు, ఊపిరాడేది కాదు. 20వ శతాబ్దం మొదట్లో సోల్‌లోని ఇహ్వా బాలికల పాఠశాలలో దానికి భుజాల మీద నుంచి వచ్చే చేతుల్లేని బాడీ అతికి కుట్టడం మొదలైంది. బరువు భుజాలు మోస్తాయి, ఛాతీ మీద ఒత్తిడి ఉండదు. మీరు ఇదే కుట్టండి. అలాంటి జీవితం గడిపిన స్త్రీ పేరు మీద ఛాతీని బిగించి కట్టే బట్ట నేనైతే కుట్టలేను.

లెక్క తేలిక: కుచ్చిళ్లు పైన అతికే పట్టీ పొడవుకి మూడింతలు గుడ్డ. పట్టీ 87 సెం.మీ. అయితే గుడ్డ వెడల్పు 261 సెం.మీ., ఒక్కో కుచ్చిలి పైకి 3 సెం.మీ. కనిపించి లోపల 6 దాగితే సరిగ్గా 29 కుచ్చిళ్లు వస్తాయి. అన్నీ ఒకే వైపు మడవాలి. కుట్టు మార్జిన్లకి పైన 6 సెం.మీ. ఉంచుకోండి. పొడవు ఛాతీ పైనుంచి పిక్కల దాకా, అంచు మడతకి 8 సెం.మీ. ఉంచితే చిమా బరువుగా నిలబడుతుంది. లోపల ఉబ్బు పెటీకోటు వద్దు, మెత్తటి నూలు లోపావడా చాలు.

లోపలి 240 ముక్కలు

కొరియా ఆడవాళ్లు మిగిలిన గుడ్డముక్కలన్నీ కలిపి జోగక్‌బో అనే చుట్టుగుడ్డ కుట్టేవాళ్లు, ముక్క ముక్కకీ ఆయుష్షు, అదృష్టం కూడుతుందని నమ్మకం. కుట్టినవాళ్ల పేర్లు దాదాపు ఎవరికీ తెలియవు. ఈ పద్ధతిని చిమా లోపల, వెనక భాగంలో వాడుకుందాం. అడ్డంగా 16, నిలువుగా 15, మొత్తం 240 చదరాలు, ఒక్కోటి పూర్తయ్యాక 5 సెం.మీ. అంటే 80 సెం.మీ. వెడల్పు, 75 సెం.మీ. ఎత్తు. 7 సెం.మీ. చొప్పున కోసుకుంటే 110 సెం.మీ. పన్నా గుడ్డ మీటరుంపావు లోపే సరిపోతుంది, కానీ ఒకే గుడ్డ కాకుండా తెలుపు, గోధుమ, బూడిద, లేత నీలం ఇలా పాతవి ఏరండి. పాత పంచెలు, మెత్తబడ్డ లినెన్ దుపట్టాలు బాగుంటాయి.

అంచులు రెండు వైపులా మూసుకునేలా, చొక్కా పక్కల వేసినట్టు లోపలికి మడిచి రెండుసార్లు కుట్టండి, అప్పుడు వెనకనుంచి చూసినా శుభ్రంగా ఉంటుంది. చేత్తో కుడితే వారాలు పడుతుంది, పట్టనివ్వండి. ముక్కల మీద పేర్లు కుట్టకండి. నమోదైన 240 మందిలో చాలామంది తమ పేరు బయటికి రాకూడదని కోరుకున్నారు, బంధువులకి కూడా చెప్పుకోనివాళ్లున్నారు. నమోదే చేయించుకోకుండా వెళ్లిపోయినవాళ్లు అంతకు ఎన్నో రెట్లు. వాళ్ల కోసం నేనైతే కింది అంచుని మడిచి మూయకుండా, పోగులు ఊడకుండా ఒక సన్న కుట్టు మాత్రం నడిపి వదులుతాను.

ఇదంతా లోపలుంటే ఎవరు చూస్తారు అని అడుగుతారు. ప్రదర్శనలో చిమాని వెనక కొంచెం తెరిచి పెట్టండి, చూడాలనుకున్నవాళ్లు వంగి చూస్తారు.

ఎంబ్రాయిడరీ ఒక్కటే

ఒక్క పసుపు సీతాకోకచిలుక, రెండంగుళాల లోపు, కుడి చేతి చివర, మణికట్టు పైన. మైకు పట్టుకున్నప్పుడు, చెయ్యి ఎత్తినప్పుడు కనిపించే చోటు అది. పట్టుదారంతో రెక్కలకి శాటిన్ కుట్టు, అంచుకి కాడ కుట్టు. రెక్కలు విప్పి ఉన్నట్టే వేయండి. ఛాతీ మీద వద్దు, పది వేయడం అసలు వద్దు, పిల్లల గౌనులా అవుతుంది.

మీ ప్రాజెక్టు వేరే అన్యాయం గురించైతే దీన్నంతా తీసుకెళ్లి అక్కడ అతికించకండి. 1948 ఏప్రిల్ 3న మొదలై, సామాన్య జనాన్ని చంపిన జేజు ద్వీపం ఘోరానికి గుర్తు ఎర్ర కమేలియా పువ్వు, బట్ట కూడా వేరే. పచ్చి పెర్సిమన్ కాయల రసంలో ముంచి, ఎండలో మళ్లీ మళ్లీ తడిపి ఆరబెడితే ముదురు గోధుమ రంగు తేలే గాలోత్ అక్కడి రైతుల, చేపల వాళ్ల పనిబట్ట. అక్కడ జిన్ ఆ-యోంగ్ అనే హల్మొని 1949లో దవడకి తూటా తగిలాక 2004లో పోయేదాకా ముఖానికి తెల్ల నూలుగుడ్డ చుట్టుకునే బతికారు, ఆమెని నూలుగుడ్డ హల్మొని అనే పిలిచేవారు. ఆ చరిత్ర తెలిసినవాళ్లు జేజు ప్రదర్శనలో నూలు గుడ్డ పట్టీని ఊరికే అలంకారానికి వాడరు.

చూపించేటప్పుడు

బొమ్మకి తొడగకండి. నడుం, ఛాతీ ఉన్న షాపు బొమ్మ మీద ఈ బట్ట పెడితే జొగోరిలోని గాలి పోతుంది, చూపు కూడా తప్పు చోటికి పోతుంది. జొగోరి చదునైన బట్ట, చేతుల్లోంచి ఒక వెదురు కర్ర దూర్చి వేలాడదీస్తే రెండు చేతులూ చాచినట్టు నిలబడుతుంది. చిమాని విడిగా దాని కింద. ఎత్తు మామూలు మనిషి ఎత్తే ఉండాలి, తల పైకెత్తి చూడాల్సినంత పైన వద్దు. మనిషి వేసుకుని ర్యాంప్ మీద నడవాల్సి వస్తే, నెమ్మదిగా నడిచి నిలబడమనండి, ఏడుపు నటించమనకండి.

పక్కన పెట్టే కాగితం మీద ఏం రాస్తారో అది బట్టంత ముఖ్యం. ఏం జరిగిందో మెత్తబరచకుండా ఒక వాక్యం. కిమ్ హాక్-సున్ మాట్లాడిన తేదీ. బుధవారం నిరసనలు 1992 నుంచి నడుస్తున్నాయని, వాళ్లు అడిగింది అధికారిక క్షమాపణ, చట్టబద్ధమైన పరిహారం అని. "గాయాలు మానిన", "శాంతి పొందిన" లాంటి మాటలు వద్దు, ఆమె తరఫున అలా చెప్పే హక్కు మనకి లేదు. శాంతి విగ్రహం నుంచి ఏదైనా తీసుకుంటే శిల్పుల పేర్లు రాయండి. మీరు కొరియన్ కాదన్న సంగతి, ఏ గుడ్డ బదులు ఏ గుడ్డ వాడారో కూడా రాయండి. ఊళ్లో కొరియన్లు ఎవరైనా ఉంటే తెరిచే ముందు ఒకసారి చూపించి, వాళ్లు వద్దన్నది తీసేయండి.

అమ్మడం గురించి: అమ్మకపోవడమే మంచిది. ఎవరైనా కొంటామంటే ఆ డబ్బు ఎక్కడికి వెళ్తుందో ముందే రాసి పెట్టండి, ఖర్చులు తీసుకుంటే అది కూడా రాయండి. ఈ హల్మొనుల పేరు మీద వచ్చిన డబ్బు గురించి కొరియాలోనే పెద్ద గొడవలు జరిగాయి.

ప్రదర్శన అయ్యాక జొగోరిని గంజితో అలాగే దాచకండి, పురుగు కొట్టేస్తుంది. దోంగ్‌జొంగ్ ఊడదీసి, చల్లటి నీళ్లలో గంజి పూర్తిగా పోయేలా ఉతికి, నీడలో ఆరేసి, చేతులు లోపలికి మడిచి నూలు గుడ్డలో చుట్టి పెట్టండి. మళ్లీ ఆగస్టుకి తీసినప్పుడు కొత్త గంజి, కొత్త దోంగ్‌జొంగ్ వేసుకోవచ్చు.